చలికి చచ్చిన గెల

అరటిపండుని తొడిమ వైపు నుంచి ఒలిచేవాళ్ళ మీద ఆయనకి సదభిప్రాయం ఉండేది కాదు. "తొడిమ ఉన్నది పట్టుకోడానికి నాయనా. గొడుగుని బట్ట వైపు పట్టుకుంటామా?" అనేవారు. పండుని తిరగేసి, కింద కొస దగ్గర బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కితే తొక్క మూడు పాయలుగా విడిపోయేది. న్యూజెర్సీలో మా తెలుగు క్రైస్తవ సంఘంలో ఆ నొక్కు చూడనివాడు లేడు. అది మళ్ళీ సరిగ్గా నొక్కగలిగినవాడూ లేడు.

ఆయన పోయారని కిందటి నెల ఆయన భార్య, మా ఆంటీ, ఫోన్ చేశారు. ఆ వెనకే సంఘం ట్రెజరర్‌గారు చేశారు. "శాంటా క్లారా నుంచి వస్తున్నావుగా బ్రదర్? జ్ఞాపకార్థ కూడికలో నువ్వు రెండు మాటలు చెప్పాలి. వేరే ఏం వద్దు, ఆ గెల కథ చెప్పు. మనిషిని నవ్వుతూ సాగనంపుదాం."

ఆ కథ నేను ఇరవై ఏళ్ళకి పైగా చెబుతున్నాను. పిస్కాటవేలో మొదలుపెట్టి కాలిఫోర్నియా దాకా మోసుకొచ్చాను. శాన్ రామన్‌లో ఎవరింట్లో భోజనాలైనా, పెరుగన్నం అయ్యాక "ఆ అరటిగెల అంకుల్ కథ చెప్పవోయ్" అని ఎవరో ఒకరు అనేవారు. బాగా చెబుతానని పేరు. అందులో మూడొంతులు కల్పన. మిగిలిన ఒక వంతూ నిజమే గాని, అందులో నేను లేను. అసలు అబద్ధం అదే.

నేను ఆయన్ని ఎరిగింది ఎనభైల మొదట్లో, కెమికల్ ఇంజనీరింగ్‌లో పీహెచ్‌డీ చేస్తూ వాళ్ళ ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకున్నప్పుడు. ఆంటీ నర్సు. వీసా ఆమెకి వచ్చింది, ఆమె వెనక ఆయన వచ్చారు. కృష్ణ ఒడ్డున లంకల్లో పుట్టి, వ్యవసాయం చదివి, అక్కడ వ్యవసాయ శాఖలో పనిచేసిన మనిషి. ఇక్కడ ఓడరేవు దగ్గర పళ్ళ గోదాములో పనికి కుదిరారు. సంఘమంతా డాక్టర్లు, మందుల కంపెనీల కెమిస్టులు. అందులో ఆయనకి పేరుండేది కాదు. "సిస్టర్‌గారి ఆయన" అనేవారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆయన్ని పలకరించడం నేను చాలాసార్లు విన్నాను.

"ఏం చేస్తుంటారు బ్రదర్?"

"పళ్ళు మగ్గేస్తుంటానండి."

"ఓహో. ల్యాబ్‌లోనా?"

"కాదండి, గదిలో."

సంభాషణ అక్కడితో చల్లారేది. అడిగినవాళ్ళు వాతావరణం గురించి మాట్లాడుతూ మెల్లగా పక్కకి జరిగేవారు.

ఆయనకి జనాన్ని కొలిచే కొలత ఒకటుండేది. గోదాములో గోడకి రంగుల పటం అంటించి ఉండేదట, ఒకటి నుంచి ఏడు దాకా. ఒకటంటే కటిక పచ్చ. ఐదంటే ఒళ్ళంతా పసుపు, కొసలు మాత్రం పచ్చ. ఆరు పూర్తి పసుపు. ఏడంటే మచ్చలు. ఆ పటం గోడ మీద నుంచి దిగి ఆయన బుర్రలో కూర్చుంది. పెళ్ళి సంబంధం వచ్చిందని ఎవరైనా సలహా అడిగితే, "అబ్బాయి ఇంకా మూడండీ. ఒక్క వేసవి ఆగండి" అనేవారు. పాస్టరుగారు గంటన్నర ప్రసంగిస్తే నా చెవిలో, "ఏడు దాటింది, ఇక ఈ పూటే వాడేయాలి" అనేవారు. నాకు మాత్రం రెండు ఇచ్చారు. మొహం మీదే.

"రంగు తిరిగినట్టు కనపడతావు నాయనా. లోపలంతా పిండే."

శనివారం బజారుకి నన్ను వెంటబెట్టుకెళ్ళేవారు. ఆంటీ రాసిచ్చిన చీటీలో పది సరుకులుంటే అరటిపళ్ళ దగ్గరే అరగంట గడిచేది. అక్కడ తెలుగు మొహం కనపడితే చాలు, వదిలేవారు కాదు.

"ఈ యాపిల్ ఎక్కడ పండిందండీ?"

"ఇక్కడే అనుకుంటాను, పై ఊళ్ళలో."

"ఈ అరటిపండు?"

"సెంట్రల్ అమెరికాలో ఎక్కడో."

"వారం రోజులు సముద్రం మీద ప్రయాణం చేసొచ్చిందన్నమాట. మరి రెండిట్లో ఏది చవక?"

"అరటిపండే."

"ఎందుకని?"

ఇక్కడ అవతలివాళ్ళు గడియారం చూసుకునేవారు. ఆయన అది చూడనట్టే చెప్పుకుపోయేవారు. వందేళ్ళ క్రితం ఈ దేశంలో అరటిపండుని వెండికాగితంలో చుట్టి, ఒక్కొక్కటి విడిగా, వింత వస్తువులా అమ్మేవారట. కత్తీ ఫోర్కూ పెట్టి తినేవారట. తర్వాత ఆ దేశాల్లో అడవులు కొట్టి తోటలు వేశారు. తోట నుంచి రేవుకి రైలు వేశారు. రేవు నుంచి ఇక్కడికి చల్లటి ఓడలు వేశారు. "దీని వెనక అడవులు పోయాయి, కూలీలు పోయారు, ప్రభుత్వాలే పోయాయంటారు. అవేవీ తొక్క మీద కనపడవు" అని ఒక పండు తీసి తిప్పి చూపించేవారు, ఎక్కడైనా కనపడతాయేమోనన్నట్టు.

"పచ్చిగా కోస్తారు. ఓడలో యాభై ఎనిమిది ఫారెన్‌హీట్ డిగ్రీల చల్లదనంలో నిద్రపుచ్చుతారు. ఇక్కడ దింపి నా గదిలో పడేస్తారు. నేను మగ్గించే గ్యాస్ వదిలి, తలుపు మూసి, మెల్లగా లేపుతాను. ఇది కళ్ళు తెరిచేసరికి మీ బజార్లో ఉంటుంది. నిద్రకీ చావుకీ మధ్య మూడే డిగ్రీలు. యాభై ఐదు కిందకి పోయిందా, ఇక లేవదు."

ఇదంతా చెప్పి, ఆ పండునే చూస్తూ తీర్పు ఇచ్చేవారు: "ఇది పండు కాదు, ఏర్పాటు."

పండంటే ఆయన దృష్టిలో వాళ్ళ లంకల్లో అమృతపాణి. చూరుకి గెల వేలాడదీస్తే వీధి మలుపులోనే ముక్కుకి తెలిసిపోయేదట. మరి అది ప్రపంచమంతా ఎందుకు పాకలేదని నేనొకసారి అడిగాను. "బండెక్కిస్తే సంత చేరేలోపు సగం రాలిపోతుంది. పైగా ఈ రకానికి ముందు ఇక్కడికి వచ్చిన రకం ఇంతకంటే రుచిగా ఉండేదంట, తెగులొచ్చి తుడిచిపెట్టుకుపోయింది. రుచి గలవాడు కాదు నాయనా, ప్రయాణం తట్టుకున్నవాడు పైకొచ్చాడు. ఇప్పుడు ప్రపంచమంతా తినేది ఒకే చెట్టు పిలకలు" అన్నారు. నేను నవ్వాను. ఆయన జోక్ వేశారనుకున్నాను.

ఇక గెల సంగతి.

కోస్తాలో మా గుళ్ళలో కోతపండుగ చేస్తారు. పంటలో మొదటి భాగం దేవుడికని తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. గుమ్మడికాయలు, కోళ్ళు, వడ్లు, ఏదుంటే అది. న్యూజెర్సీలో కూడా మా సంఘం ఏటా అక్టోబరులో ఆ పండుగ చేసేది, అమెరికన్ చర్చి ఒకదాని కింది హాలు అద్దెకి తీసుకుని. అక్కడ పంటలున్నవాడెవడూ లేడు కనుక, అందరూ ముందురోజు సూపర్‌మార్కెట్‌కి వెళ్ళి కోసుకొచ్చేవారు. వేలం వేసేది ట్రెజరర్‌గారు. గడ్డకట్టిన కోడిని రెండు చేతులా ఎత్తి, "నాటుకోడి! కాస్త బిగుసుకుంది గాని మంచి జాతి!" అని మొదలుపెట్టేవారు.

ఆ ఏడు పండుగకి మూడు వారాల ముందు, భోజనాల దగ్గర, ట్రెజరర్‌గారు అందరి ముందూ అడిగారు: "సిస్టర్‌గారి ఆయన ఈసారీ అదే బాక్సు పళ్ళేనా? వాటికి ఇక్కడిదాకా రావడం ఎందుకండీ, మా ఇంటి పక్కనే అమ్ముతారు."

అందరూ నవ్వారు. ఆయన పళ్ళెం కింద పెట్టారు.

"మా ఊళ్ళో కోతపండుగ వేలం గెలతో మొదలయ్యేదండీ. ఇక్కడ కోడి శవంతో మొదలవుతోంది. ఈసారి గెల తెస్తాను. నిండు గెల. ఆదివారం పదకొండు గంటలకి దాని మీద ప్రతి కాయా ఐదో నంబర్‌లో ఉంటుంది."

ఆ మాట ఎంత పెద్దదో హాల్లో ఎవరికీ తెలియదు. అమెరికాకి గెలలు రావడం ఎప్పుడో ఆగిపోయింది. ఇప్పటి రకానికి తొక్క సున్నితం, తోటలోనే గెలని అత్తాలుగా విడగోసి అట్టపెట్టెల్లో పంపుతారు. ఆయన రేవులో పనిచేసే హోండురాస్ స్నేహితుడొకణ్ణి పట్టుకుని, ఎవరెవరినో బతిమాలించి, ఒక ఓడలో ఒక్క గెల తెప్పించారు. ఇంటికి తెచ్చేటప్పుడు ముందు సీట్లో గెల, దానికి సీటు బెల్టు. వెనక సీట్లో ఆంటీ.

"పెళ్ళయిన కొత్తలో కూడా నన్నింత నెమ్మదిగా తీసుకెళ్ళలేదు ఈయన" అన్నారు ఆంటీ కారు దిగుతూ.

బేస్‌మెంట్‌లో నా గది పక్కనున్న సామాన్ల కొట్టు మగ్గేసే గది అయింది. కొక్కేనికి గెల. దాని కింద ఎలక్ట్రిక్ హీటర్. తడి తువ్వాళ్ళు. గ్యాస్ ఇంటికి తేలేరు కనుక దానికి బదులు అదే గ్యాస్ వదిలే బాగా మిగలపండిన యాపిల్స్ నాలుగు, దారాలకి కట్టి. తలుపు మీద ప్లాస్టిక్ తెర. గోడకి థర్మామీటర్. ఆ వారం ఓడ ఆలస్యంగా వచ్చి, శుక్ర శనివారాలు ఆయన గోదాములోనే ఉండిపోవాల్సి వచ్చింది. ఆంటీకి ఆస్పత్రిలో డబుల్ షిఫ్టులు. గది నాకు అప్పజెప్పారు.

"రోజూ పొద్దున తెర సందులోంచి రంగు చూడు, అంతే. ఇంక దేని మీదా చెయ్యి వెయ్యకు నాయనా. నీ చదువు కూడా వెయ్యకు."

శుక్రవారం మధ్యాహ్నం గోదాము నుంచి ఫోన్ చేశారు. "ఏ నంబర్‌లో ఉంది?"

"మూడు దాటి నాలుగులో పడేట్టుంది అంకుల్. తొందరపడుతోంది. ఆదివారానికి మచ్చలొస్తాయేమో."

"సరిగ్గా ఉంది. ముట్టుకోకు."

ఫోన్ పెట్టేసి నేను ముట్టుకున్నాను. ఎందుకంటే నాకు ఒక సూత్రం తెలుసు: వేడి తగ్గిస్తే రసాయన చర్య వేగం తగ్గుతుంది. కాగితం మీద లెక్క వేశాను. గీతలు గీశాను. గోదాములో పెట్టెలు మోసే మనిషి ఒక పటం చూసి చెప్పింది నిజమా, నా లెక్క నిజమా? ఈ ప్రశ్న నేను పైకి అనుకోలేదు. అనుకోవాల్సిన అవసరమే లేనంత గట్టిగా లోపల ఉంది. హీటర్ ఆపేశాను. కొట్టు కిటికీ తెరిచాను. ఆయన వచ్చి చూసి మెచ్చుకుంటారని కూడా అనుకున్నాను. తర్వాత క్యాంపస్‌కి వెళ్ళి, ప్రయోగం పనిలో పడి, మిత్రుడి గదిలో ఉండిపోయాను. ఆ వారాంతంలో ఆ ఏడాది మొదటి మంచు పడింది.

ఆదివారం పొద్దున ఏడింటికి వచ్చి చూస్తే గెల బూడిద రంగులో ఉంది. పసుపూ కాదు, పచ్చా కాదు, తడిసిన గోడ రంగు. నేను చేసిన మొదటి పని కిటికీ మూసేయడం. రెండోది హీటర్ వేయడం. ఎనిమిదింటికి ఆయన వచ్చారు, గోదాము బట్టల్లోనే.

గెల దగ్గరికి వెళ్ళారు. ఒక కాయ తొక్క బొటనవేలి గోటితో గీరారు. లోపల గోధుమరంగు చారలు. తర్వాత థర్మామీటర్ చూశారు. అది పాపం బుద్ధిగా మళ్ళీ అరవైకి ఎక్కి కూర్చుంది. తర్వాత గెల మీద పై అత్తంలో ఇరుక్కున్న ఎర్రటి మేపుల్ ఆకుని చూశారు. మూసి ఉన్న కిటికీ వైపు చూశారు. ఆకు తీసి చొక్కా జేబులో వేసుకున్నారు.

"రాత్రి బాగా చలి వేసినట్టుంది అంకుల్" అన్నాను.

"ఊఁ. వేసింది."

"హీటర్ దగ్గరగా జరిపితే..."

"చచ్చిపోయింది నాయనా. చచ్చినవాణ్ణి పొయ్యి దగ్గర కూర్చోబెడితే ఏమవుతుంది?"

"పోనీ ఇవాళ తీసుకెళ్ళకపోతేనో?"

"తెస్తానన్నానుగా" అని స్నానానికి వెళ్ళారు.

గెల హాల్లోకి వచ్చేసరికి ముందు దగ్గులు, తర్వాత నవ్వులు. ట్రెజరర్‌గారు దాన్ని ఎత్తి పట్టుకుని, "ఇది ఐదో నంబరా బ్రదర్, లేక మన పటంలో ఎనిమిదోది కూడా ఉందా?" అన్నారు. ఆయన లేచి నిలబడి, "లెక్క తప్పానండి. గది చల్లబడింది, చూసుకోలేదు" అన్నారు. ఆయన పక్క కుర్చీలో నేనున్నాను. నా మోకాళ్ళు చూసుకుంటున్నాను.

"ఐదు డాలర్లు! ఎవరైనా ఐదు?" ఎవరూ పలకలేదు. "బజ్జీలకైనా పనికొస్తాయమ్మా, ఐదు?" మళ్ళీ నవ్వులు. నా జేబులో ఇరవై ఉంది. నేను చెయ్యెత్తితే అందరూ నా వైపు చూస్తారు. ఎత్తలేదు. అప్పుడు ఆయనే, "పది" అన్నారు.

నా కథలో ఇక్కడి నుంచే నవ్వులు పతాక స్థాయికి చేరతాయి. డబుల్ షిఫ్టు చేసొచ్చి వెనక వరసలో నిద్రపోతున్న ఆంటీ ఉలిక్కిపడి లేచి, పాడుతున్నది మొగుడని తెలియక "పదిహేను" అంటారు. ఆయన వెనక్కి చూడకుండా "ఇరవై" అంటారు. ఆంటీ "పాతిక". ఇలా మొగుడూ పెళ్ళాలు తమ పళ్ళని తామే యాభై దాకా లాగుతారు. ఈ భాగానికి నేను ఇద్దరి గొంతులూ పెట్టేవాణ్ణి.

పాట యాభై దాకా పోయిన మాట నిజం. మిగతావి దిద్దుతున్నాను. ఆంటీ నిద్రపోలేదు. మొదటి నుంచీ మేలుకునే ఉన్నారు. తెచ్చినవాడు తప్ప ఎవరూ కోరని గెల అన్న మాట పడకూడదని ఆమె పాడారు. ఆయన వెనక్కి తిరిగి చూశారు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూనే, ఒకరి మీద ఒకరు పాడుకున్నారు, చివరికి ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వు మా నవ్వు లాంటిది కాదు. అలాగే, నా కథలో చెప్పినట్టు ఆయన గెలకి స్వెటర్ తొడగలేదు, దుప్పటి కప్పారు. దానికి జోలపాట పాడలేదు. ఫైర్ ఇంజన్ రాలేదు, అది నేను శాన్ రామన్‌లో కలిపాను.

నా కథలో ఎప్పుడూ లేనిది ఇంకొకటి ఉంది. ఆ ఆదివారం తర్వాత ఆయన బజార్లో ఎవర్నీ ఆపలేదు. అరటిపళ్ళ దగ్గరికి రాగానే, చీటీలో ఉన్నన్ని తీసి బండిలో వేసి ముందుకి నడిచేవారు. "ఏది చవక?" అన్న ప్రశ్న మళ్ళీ నేను వినలేదు. నంబర్లూ మానేశారు. ఏటా కోతపండుగకి ఒక అనాసముక్కల డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టేవారు. ఎవరైనా కదిపితే, "డబ్బాకి చలి వెయ్యదండీ" అనేవారు. ఒక మనిషికి ఈ దేశంలో తెలిసిన ఒకే ఒక్క విషయాన్ని నేను ఆయన నోట్లోంచి తీసేశాను. తీసింది చాలక, దాంతో ఇరవై ఏళ్ళు భోజనాలు చేశాను.

కూడికలో లేచి నిలబడి ఈసారి నిజం చెప్పాలనుకున్నాను. "ఆ గెలని చంపింది నేను" అని మొదలుపెట్టాను. హాలంతా గొల్లుమంది. హీటర్ ఆపానన్నాను, ఇంకా నవ్వారు. కిటికీ మూశానన్నాను, పిల్లలు కూడా నవ్వారు. నవ్వించడం తప్ప నా గొంతుకి ఇంకేదీ రాదని వాళ్ళు ఎప్పుడో తేల్చుకున్నారు. ట్రెజరర్‌గారు కళ్ళు తుడుచుకుంటూ వచ్చి, "ఎండింగ్ మార్చావ్ బ్రదర్. పాతదే బాగుంది గాని, ఇదీ ఫర్వాలేదు" అన్నారు. అందుకే రాస్తున్నాను. రాతలో గొంతు వినపడదు.

భోజనాల దగ్గర ఆంటీ పక్కన కూర్చున్నాను.

"నేను చెప్పింది నిజం ఆంటీ."

"తెలుసు అబ్బాయ్. ఆ ఆకు ఆ రోజే చూపించారు నాకు."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"నేనూ అడిగాను. 'కాలిఫోర్నియాలో కూడా మీ మీద కథలు చెప్పుకుంటున్నాడంట, నిజం చెప్పెయ్యరాదా' అన్నాను. 'తలుపు మూశాక మధ్యలో తియ్యకూడదే, తీస్తే మళ్ళీ మొదటికొస్తుంది. లోపలున్నదే పండి బయటికి రావాలి' అన్నారు."

ఆంటీ పళ్ళెంలో పులిహోర కలుపుకుంటూ, "మామూలుగా ఐదు రోజులంట. నీకు ఇరవై రెండేళ్ళు పట్టింది" అన్నారు.

బల్ల మీద అరటిపళ్ళున్నాయి. ఆరో నంబర్. ఒకటి తీసుకుని, అలవాటుగా తొడిమ పట్టుకున్నాను. ఆగి, తిరగేశాను. కొస దగ్గర బొటనవేలితో ఆయనలాగే నొక్కాను. తొక్క విడిపోలేదు. పండు కొస నలిగి గుజ్జు నా చేతి మీదకి వచ్చింది.

ఆంటీ చూశారు. కాగితం రుమాలు అందించారు.

"పోనీలే. నలిగింది కొసే, తిను" అన్నారు.